వీసెన్‌రోడ తుమ్ముల పాట

ఆదివారం మధ్యాహ్నం ఆట అయిపోగానే నాటకశాల వాళ్ళంతా వీధి దాటి 'మూడు చేపలు' సత్రంలోకి వచ్చి పడటం వీసెన్‌రోడలో ఎప్పట్నుంచో ఉన్న అలవాటు. ఆ ఆదివారమూ వచ్చారు. వయొలిన్ల వాళ్ళు కిటికీ పక్క బల్లలు ఆక్రమించుకున్నారు. బాకాలూదే వాళ్ళు బీరు పీపా దగ్గరే నిలబడిపోయారు. పొయ్యి పక్కనున్న గుండ్రబల్ల జోలికి మాత్రం ఎవరూ పోలేదు. అది ఓట్మార్ ఫాన్‌ష్మిట్‌ది. ఆయన చెబుతుంటే వినే ఓపిక ఉన్నవాళ్ళకే అక్కడ చోటు.

ఓట్మార్‌కి డెబ్బై దాటాయి. వయసులో ఉన్నప్పటినుంచీ ఆ ఊరి నాటకశాలలో నవ్వించే వేషాలన్నీ ఆయనవే. బొజ్జ ముందు నడిచొస్తుంది, నేలమాళిగలోంచి వచ్చినట్టుండే గొంతు దాని వెనకాల వస్తుంది. ఆ మధ్యాహ్నం కూడా 'మేయరు గారి ముక్కుపొడుం డబ్బా' అనే నవ్వుల ఒపేరాలో మేయరు వేషం కట్టి, హాలునంతా పొట్టలు పట్టుకునేలా చేసి, చెవుల పక్క రంగు కూడా సరిగ్గా తుడుచుకోకుండా వచ్చి కూర్చున్నాడు. ఒక పక్కన ఆయన చెల్లెలి మొగుడు ఎగోన్. స్టేషన్‌మాస్టరుగా చేసి ఈ మధ్యే దిగిపోయాడు, పొదుపుగా మాట్లాడే మనిషి. ఇంకో పక్కన కొత్త మొహం, లైప్‌జిగ్ నించి వచ్చిన డాక్టర్ ఆస్ముస్. ఎదురుగా నాటకశాల నడిపే గెర్లిండ కెస్నర్.

గెర్లిండ కంటినిండా నిద్రపోయి వారమైంది. ఆస్ముస్ పనిచేసే పెద్ద నాటకశాల ఏటా వేసవిలో ఏదో ఒక చిన్న ఊరి ఆటని పిలిపించుకుని ఆడిస్తుంది. ఈసారి ఆయన కన్ను వీసెన్‌రోడ మీద పడింది. ఇక్కడేమో పురపాలక సంఘంలో వాళ్ళు, ఒపేరా ఎత్తేసి ఆ హాలు వంటసామాన్ల సంతలకి ఇస్తే పోలేదా అని బాహాటంగానే అంటున్నారు. లైప్‌జిగ్ పిలిస్తే వాళ్ళ నోళ్ళు కొన్నాళ్ళు మూతబడతాయి. పిలవకపోతే ఈ వాద్యగాళ్ళలో వచ్చే ఏడు ఎంతమంది ఈ వీధి దాటి వస్తారో చెప్పలేం.

రోజ్‌విత మాంసం వేపుడూ, బంగాళదుంప ఉండలూ తెచ్చి బల్ల మీద పెట్టింది. సత్రం ఆవిడది. వడ్డించి వెళ్ళకుండా నడుం మీద చెయ్యి పెట్టుకుని అక్కడే నిలబడింది.

ఆస్ముస్ ఫోర్కు కింద పెట్టి అడిగాడు. "ఒక సంగతి చెప్పండి. ట్రెప్లిన్ రాసిన ఈ ఒపేరాని జనం మరిచిపోయి తరాలు గడిచాయి. మధ్యలో ఒకరిద్దరు బయటికి తీసి ఆడించి చూశారు, ఎక్కడా నిలబడలేదు. ఇవాళ చూస్తే నా పక్క సీట్లో ఆవిడ నవ్వు ఆపుకోలేక నా భుజం పట్టుకుంది. అసలు మీరేం చేశారు?"

ఆ ప్రశ్నకి సరైన జవాబు ఆ బల్ల దగ్గర ఇద్దరికే తెలుసు, గెర్లిండకీ ఓట్మార్‌కీ. మొదటి ప్రదర్శన నాటినుంచీ ఆ విషయం ఆయన ఎత్తలేదు, ఆవిడా ఎత్తలేదు. ఎత్తితే ఆయన మనసు నొచ్చుకుంటుందని ఆవిడ భయం. ఏం చెప్పాలా అని ఆలోచిస్తూ ఆవిడ నోరు తెరిచేలోపల ఓట్మార్ బీరుగ్లాసు బల్ల మీద పెట్టాడు. ఆ పెట్టటంలోనే తెలిసిపోయింది, ఇక ఆపటం ఎవరి తరమూ కాదని.

"అది నన్నడగండి డాక్టర్ గారూ. ఈ అమ్మాయి చెప్పదు, మొహమాటం. మొదట ఈ ఊళ్ళో ఆ ఒపేరా దొరికిందే నాకు. నాటకశాల కింద నేలమాళిగ ఉంది, పాత తెరలన్నీ అక్కడే పడేస్తారు. వాటి వెనకాల ఒక చెక్కపెట్టె. మూత తీస్తే ట్రెప్లిన్ చేత్తో రాసిన స్వరాలు."

గెర్లిండ ఊపిరి పీల్చుకుంది. ఇంతవరకూ నిజమే. బూట్లు వెతుక్కుంటూ పోయి ఆ పెట్టెకి కాలు తగిలించుకున్నది ఆయనే.

"కానీ ఏం లాభం, రెండో అంకం సగం లేదు. ఎలుకలు తినేశాయి. ఇంకొకడైతే అక్కడితో మూత వేసి వచ్చేసేవాడు. నేను పెట్టె మీద కూర్చున్నాను. కూర్చుంటే ఆ చీకట్లోంచి సన్నగా ఒక రాగం. ఏమిటా అని చెవొగ్గి విన్నాను. ఎలుకలండీ. తాతల కాలం నించీ ట్రెప్లిన్ కాగితాలు తప్ప వేరే తిండి ఎరగని ఎలుకలు, వాటి ఒంట్లో రక్తం లేదు, అంతా సంగీతమే. సోప్రానో భాగం తిన్నది సన్నగా పాడుతోంది, మంద్రం తిన్నది బొంగురుగా పాడుతోంది. పెన్సిలు తీసుకుని ఒక్కో ఎలుక ముందూ కూర్చుని రాసుకున్నాను. ఒక ముసలి ఎలుక మాత్రం ఒకచోట అపశ్రుతి పలికింది. అదేమిటే అని అడిగితే, ఆ కాగితం మీద కాఫీ మరక ఉందని సైగ చేసింది."

ఆస్ముస్ పగలబడి నవ్వాడు. గెర్లిండకి కాస్త ధైర్యం వచ్చింది.

"సైగ ఎలా చేసింది బావా?" అన్నాడు ఎగోన్, ఉండని రెండుగా కోస్తూ.

"తోకతో. నువ్వు రైళ్ళకి జెండా ఊపలేదూ? అలాగే. మధ్యలో అడ్డు రాకు. ఆ తర్వాత ఏమైందో తెలుసా డాక్టర్ గారూ? పాటలు చేతికొచ్చాయి, పాడే బృందానికి తుమ్మటం రాదు. మొదటి అంకం చివర తుమ్ముల పాట ఉంది కదా, ఊరంతా కలిసి తాళం ప్రకారం తుమ్మాలి. వీళ్ళు పెద్ద పెద్ద కాలేజీల్లో పాడటం నేర్చుకుని వచ్చినవాళ్ళు, తుమ్మమంటే దగ్గుతున్నారు. చూశాను, చూశాను, ఇలా కాదని హార్త్స్ కొండలెక్కాను. అక్కడ పైన ఒక ముసలి సన్యాసిని ఉంది. ముక్కుపొడుం నూరటంలో ఆవిడని మించినవాళ్ళు లేరు. ఆవిడ పొడుం నూరే రోజున ఆ కొండ మీద పక్షులు వెనక్కి ఎగురుతాయి. చిటికెడు అడిగి తెచ్చాను. సోప్రానోలకి చీమ తలంత, మంద్రంలో పాడే ఆడవాళ్ళకి ఆవగింజంత, మొగవాళ్ళకి వాళ్ళ వాళ్ళ ముక్కుని బట్టి. వారం తిరిగేసరికి మా బృందం మూడు స్థాయిల్లో తుమ్ముతోంది."

"మరి నువ్వో?" అంది రోజ్‌విత.

"నాది వేరు. మేయరు తుమ్ము అన్నిటికన్నా ఆఖరున రావాలి, అన్నిటికన్నా పెద్దదిగా రావాలి. సోమవారం పొద్దున నాకు తుమ్ము వచ్చింది. ఇది మామూలుది కాదని ముక్కు దగ్గరే తెలిసిపోయింది. దీన్ని ఇంట్లో ఎందుకు పారెయ్యాలి అనుకుని లోపలికి పట్టేశాను. శనివారం ప్రదర్శన దాకా దాచాను."

"ఆ వారంలో ఒకరోజు నువ్వు మా ఇంటికి భోజనానికి వచ్చావు," అన్నాడు ఎగోన్. "మీ చెల్లెలు మిరియాల సూపు చేసింది. రెండోసారి కూడా పోయించుకున్నావు."

"పోయించుకున్నాను. తాగుతున్నంతసేపూ లోపల అది గుర్రంలా తన్నింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగితే సూపు బాగుందని ఏడుస్తున్నాననుకుంది పిచ్చిది. అంతటి తుమ్ము, డాక్టర్ గారూ. శనివారం వచ్చింది. హాలు నిండిపోయింది. తుమ్ముల పాట మొదలైంది, సోప్రానోలు అయ్యారు, మొగవాళ్ళు అయ్యారు, వాద్యాలు ఆగాయి, అంతా నా వైపు చూస్తున్నారు. వదిలాను."

ఇక్కడ ఓట్మార్ ఆగి, ఒక గుక్క తాగాడు. కిటికీ దగ్గర వయొలిన్ల వాళ్ళు కూడా ఇటు తిరిగారు.

"తెర లేచి వెళ్ళి పై బాల్కనీలో కూర్చుంది. ముందు వరసలో మొగవాళ్ళ పాపిడి ఎడమ నించి కుడికి మారిపోయింది, ఇప్పటికీ కొందరికి అలాగే ఉంది, కావాలంటే చూపిస్తాను. పైకప్పు, సూపు గిన్నె మీద మూత లేచినట్టు లేచి, ఊళ్ళో గాలి కాస్త లోపలికి రానిచ్చి, మళ్ళీ అదే చోట కూర్చుంది. ఒక్క పెంకు జారలేదు. మన ఊరి తాపీవాళ్ళ పనితనం అది. అక్కడితో ఆగిందా? అవతల స్టేషన్‌లో గూడ్సు రైలు వస్తోంది, ఆ డ్రైవరు ఎదురుగా ఇంకో రైలు కూత వేసిందనుకుని ఉన్నపళంగా ఆపేశాడు. ఇదుగో, ఎగోన్ ఆరోజు డ్యూటీలో ఉన్నాడు. చెప్పవయ్యా, రైలు ఆగిందా లేదా?"

"ఆగింది," అన్నాడు ఎగోన్. "రోజూ ఆగుతుంది. అక్కడ స్టేషను ఉంది."

బాకాల వాళ్ళు గొల్లుమన్నారు. ఓట్మార్ చలించలేదు. "ఆగిందన్నాడు, విన్నారుగా. ఇక హాల్లో జనం సంగతి. నా తుమ్ము తగిలిన ప్రతివాడికీ తుమ్ము వచ్చింది. కింద వరసల వాళ్ళు తుమ్మితే బాల్కనీ వాళ్ళు ఆచారం ప్రకారం 'ఆరోగ్యం' అని దీవిస్తారు, బాల్కనీ వాళ్ళు తుమ్మితే కింద వాళ్ళు 'ఆరోగ్యం' అంటారు, అదే ఒక పాటైపోయింది. ట్రెప్లిన్ రాసినదానికన్నా బాగుంది. అన్ని ఆరోగ్యాలు ఒక్కచోట పలికితే ఊరికే పోతాయా? ఆ చలికాలం మన జిల్లాలో ఒక్కడికి జలుబు చెయ్యలేదు. మందుల షాపాయన విసుగెత్తి దుకాణంలో పూలకుండీలు అమ్ముకున్నాడు."

"నేను ఆ నెలంతా ముక్కు చీదుతూనే ఉన్నాను," అంది రోజ్‌విత.

"నువ్వు హాలుకి రాలేదుగా మరి. రావమ్మా అంటే వంట ఉందన్నావు."

గెర్లిండ ఓరగా ఆస్ముస్‌ని చూసింది. ఎలుకల దగ్గర నవ్విన మనిషి, తుమ్ము దాచిన చోట కళ్ళు తుడుచుకున్న మనిషి, ఇప్పుడు మర్యాదకి చిరునవ్వు పెట్టుకుని గోడ గడియారం వైపు చూస్తున్నాడు. ఓట్మార్‌కి అది కనపడలేదు. ఆయన మాటల్లో ఉన్నప్పుడు ఆయనకి ఏదీ కనపడదు. ఇంత చేటు చేస్తున్నా ఆవిడకి ఆ మనిషి మీద ఇష్టం పోవటం లేదు. వేషం విప్పాక కూడా బల్ల చుట్టూ నలుగురు ఉంటే చాలు, వాళ్ళని వట్టి మొహాలతో ఇంటికి పంపించటానికి ఆయనకి మనసొప్పదు.

"అసలుది ఇంకా చెప్పలేదు," అన్నాడు ఓట్మార్, కుర్చీ ముందుకి జరుపుకుని, గొంతు తగ్గించి. "ట్రెప్లిన్‌ని సమాధి చేసింది మన చర్చి వెనకాలే. ఆట అయ్యాక నేను గాలి పీల్చుకుందామని ఆ పక్కకి వెళ్ళాను. ముక్కులో ఇంకా కొంచెం మిగిలి ఉంది, చిన్న తుమ్ము వచ్చింది. రాయి కిందనించి 'ఆరోగ్యం' అని వినపడింది. ఎవరూ అన్నాను. రాయి పక్కకి జరిగింది. ఆయనే. కోటు దులుపుకుంటూ పైకొచ్చి నా చెయ్యి పట్టుకుని, ఫాన్‌ష్మిట్, ఇన్నేళ్ళకి నా మేయరు దొరికాడయ్యా అన్నాడు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. రెండో అంకం కొంచెం నెమ్మదిగా నడిచింది, మీ వాద్యబృందం పెద్దకి చెప్పు అన్నాడు. చెప్పాను. అందుకే ఇవాళ చురుగ్గా నడిచింది, చూశారుగా."

ఎవరూ నవ్వలేదని కాదు. వయొలిన్ల వాళ్ళు నవ్వారు, రోజ్‌విత ఆప్రాన్‌తో మొహం కప్పుకుంది. ఆస్ముస్ మాత్రం లేచి కొక్కేనికి ఉన్న కోటు అందుకున్నాడు.

"చాలా సరదాగా గడిచింది ఫాన్‌ష్మిట్ గారూ," అన్నాడు. "నాకు రైలు టైమవుతోంది. గెర్లిండ గారూ, నేనడిగింది ఊసుపోక అడగలేదు. ఈ ఆట ఇక్కడ ఎందుకు పండిందో మా వాళ్ళకి నేను చెప్పాలి. అక్కడా పండుతుందని చెప్పగలగాలి. ఎలుకలు పాడాయని చెప్పలేను కదా."

ఆయన ఒక చెయ్యి కోటులో దూర్చాడు. గెర్లిండ ఓట్మార్ వైపు చూసింది. ఆయన ఖాళీ గ్లాసు అడుగు చూసుకుంటున్నాడు.

"కూర్చోండి డాక్టర్ గారూ," అంది. "ఆ పెట్టె దొరకటం తప్ప ఆయన చెప్పినదాంట్లో ఒక్క ముక్కా నిజం కాదు. ఎలుకలు పాడలేదు, ఎవరూ సమాధిలోంచి లేవలేదు. మొదటి ప్రదర్శన రోజు తుమ్ముల పాట అయిపోయాక హాల్లో చప్పట్లే లేవు."

ఓట్మార్ తలెత్తాడు. "గెర్లిండా," అన్నాడు మెల్లిగా. ఆవిడ ఆగలేదు.

"ఇప్పటి జనానికి ఎక్కదేమోనని నాకు భయం. బెర్లిన్ నించి ఒక రచయితని పిలిపించి పాటల మధ్య మాటలన్నీ మార్పించాను. ముక్కుపొడుం డబ్బా ఎవడికి తెలుసని, దాన్ని తీసేసి మేయరు ఫోను పోయినట్టు రాయించాను. తుమ్ముల పాట మాత్రం ఉంచాం. వాళ్ళంతా ఎందుకు తుమ్ముతున్నారో ఎవరికీ అర్థం కాలేదు. విరామంలో చూస్తే, విడిచిన కోట్లు తిరిగి ఇచ్చే కిటికీ దగ్గర పెద్ద వరస. ఇంటికి పోతున్నారు. అలాగే రెండో అంకం మొదలుపెట్టాం. మేయరు ఒక్కడే వస్తాడు, ఫోను గురించి ఒక పెద్ద ప్రసంగం ఉంది. ఈయన వచ్చి నడి వేదిక మీద నిలబడ్డాడు. నిలబడే ఉన్నాడు. నేను పక్కతెర చాటునించి మొదటి మాట అందించాను. వినపడలేదు. గట్టిగా అందించాను. ఇటు తిరిగి చూశాడు. ఆ చూపు ఎంత బెదిరిపోయిన చూపో చెప్పలేను. మాటలన్నీ మరిచిపోయాడు."

ఎగోన్ ఫోర్కు గాలిలోనే ఉండిపోయింది.

"తెర దించెయ్యమని చెప్పబోతున్నాను. అప్పుడు ఈయన జేబులోంచి ఆ ఫోను తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాడు. 'ఇది ఉందయ్యా. పోయింది ఇది కాదు, నా ముక్కుపొడుం డబ్బా' అన్నాడు. వెనక వరసలో ఎవరో నవ్వారు. ఆ ఒక్క నవ్వు పట్టుకున్నాడు. ఆ డబ్బా ఎంతదనుకున్నారు, మా తాత దాన్ని ఎడ్లబండి మీద తెచ్చాడు, దాంట్లోంచి చిటికెడు ఒలికితే చర్చి గోపురం తుమ్మింది, అప్పట్నుంచే అలా పక్కకి ఒరిగి ఉంది అన్నాడు. మా గోపురం మీరు చూశారుగా. ఇక్కడ పుట్టిన ప్రతివాళ్ళూ దాని గురించి పరాయివాళ్ళకి జవాబు చెప్పుకుని చెప్పుకుని విసిగిపోయినవాళ్ళే. హాలు ఒక్కసారిగా విరగబడి నవ్వింది. ఇక ఈయన ఆగలేదు. ఈ బల్ల దగ్గర ఎలా కూర్చుని చెబుతాడో అచ్చం అలాగే చెప్పుకుంటూ పోయాడు. కోట్లు వేసుకున్నవాళ్ళు వెనక్కి వచ్చి, సీట్లలో కూర్చోకుండా దారిలోనే నిలబడి విన్నారు. వాద్యబృందాన్ని నడిపించే పెద్దాయన పాట మొదలుపెట్టటం మరిచిపోయి తనూ వింటూ ఉండిపోయాడు."

ఆవిడ ఆగి, నీళ్ళు తాగి మళ్ళీ అందుకుంది.

"ట్రెప్లిన్ రాసిన మేయరు ఎవరో నాకు అప్పటిదాకా తెలియలేదు డాక్టర్ గారూ. పోయింది డబ్బానా ఫోనా అన్నది కాదు విషయం. ఊరు తన మాట వినటం మానేస్తుందేమోనని హడలిపోతున్న మనిషి ఆయన. అందుకే అంతంత కోతలు కోస్తాడు. అది తెలిశాక మిగతా పాటలన్నీ వాటంతట అవే వెలిగాయి. తుమ్ముల పాట కూడా. మర్నాడు బెర్లిన్ మాటలన్నీ కొట్టేసి ట్రెప్లిన్ పాత మాటలు పెట్టేశాను. మేయరు ప్రసంగాలు మాత్రం రాయలేదు. అక్కడ ఖాళీ వదిలేశాను. ప్రతిసారీ ఈయన కొత్తగా చెబుతాడు. ఇవాళ మీ పక్క సీటావిడ నవ్వింది ఇవాళ పుట్టిన అబద్ధానికి."

ఆస్ముస్ కోటులోంచి చెయ్యి బయటికి తీశాడు. కోటు తీసుకెళ్ళి మళ్ళీ కొక్కేనికి తగిలించి వచ్చి కూర్చున్నాడు.

"మా ఊరికి వస్తే?" అన్నాడు. "మా వాళ్ళకి మీ గోపురం తెలియదు."

"ఈయన్ని నాలుగు రోజులు ముందే పంపిస్తాను," అంది గెర్లిండ. "మీ ఊళ్ళో ఒక సత్రంలో ఇలాంటి బల్ల ఒకటి చూపించండి చాలు. వాళ్ళు దేనికి విసిగిపోయారో, దేనికి గర్వపడతారో ఈయనే పసిగడతాడు. నా దగ్గర ఇంతకన్నా కారణం లేదు."

"జూన్‌లో రాగలరా?"

గెర్లిండ తలూపింది. కిటికీ దగ్గర వయొలిన్లలో ఒకామె పక్కనున్నామె చేతిని గట్టిగా పట్టుకోవటం ఆవిడకి కనపడింది.

ఆస్ముస్ ఓట్మార్ వైపు తిరిగాడు. "ఫాన్‌ష్మిట్ గారూ, ఈవిడ చెప్పింది నిజమేనా? నిజంగానే మాటలు మరిచిపోయారా?"

ఓట్మార్ చెవి పక్కన మిగిలిన రంగుని వేలితో రుద్దుకున్నాడు. ఇంతసేపూ సత్రమంతా నిండిన గొంతు ఇప్పుడు బల్ల అవతలికి కూడా సరిగ్గా వెళ్ళలేదు.

"అవునండీ. ఒక్క ముక్క గుర్తు రాలేదు. ఏం చెప్పాలో నాకు తోచలేదు."

ఎగోన్ ఫోర్కు పళ్ళెంలో పెట్టి, మూతి తుడుచుకుని, బావ మొహంలోకి తేరిపార చూశాడు.

"బావా, ఇవాళ నువ్వు ఎలుకలు పాడాయన్నా, చచ్చినవాడు లేచాడన్నా ఊరుకున్నాను," అన్నాడు. "నీకు చెప్పటానికేమీ తోచలేదంటావా, ఇది మాత్రం ఈ బల్ల దగ్గర ఎవరూ నమ్మరు."